జాతీయ కనీస వేతనం, పీసు రేటు కార్మికుల హక్కులపై వినతిపత్రం

తేదీ: 8 డిసెంబరు 2025
నిజామాబాద్

గౌరవనీయులైన కేంద్ర కార్మిక, ఉపాధి శాఖ మంత్రివర్యులకు,
శ్రమశక్తి భవన్, న్యూఢిల్లీ.

(జిల్లా కలెక్టర్, నిజామాబాద్ వారి ద్వారా)

విషయం: వేతనాల కోడ్ కింద దేశమంతటికీ ఒకే ఫ్లోర్ వేజ్ నిర్ణయించి, దాన్ని బీడీ పీసు రేటుకు వర్తింపజేయాలని, ఇళ్లలో పనిచేసే వారి పీఎఫ్ హక్కును కాపాడాలని కోరుతూ.

ఆర్యా,

నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, నిర్మల్, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో బీడీలు చేసి బతుకుతున్న మహిళలం ఈ పత్రం సమర్పించుకుంటున్నాం. నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్లు అమల్లోకి వచ్చాయి. వాటిపై కార్మిక సంఘాల అభ్యంతరాలు తమకు ఇప్పటికే చేరాయి. అవి మావి కూడా. వాటిని ఇక్కడ మళ్లీ రాయడం లేదు. చట్టం వచ్చింది కనుక, ఆ చట్టమే ప్రభుత్వం మీద పెట్టిన బాధ్యతలు ఏమిటి, అవి మా గడప దాకా ఎలా రావాలి అన్నది మాత్రమే తమ దృష్టికి తెస్తున్నాం.

కార్మికులకు కేవలం ప్రాణం నిలిచే కూలి కాక, మర్యాదగా బతికే వేతనం అందేలా చూడాలని రాజ్యాంగం 43వ అధికరణలోనే ఉంది. 1948లో కనీస వేతనాల చట్టం వచ్చింది. 1957లో 15వ భారత కార్మిక మహాసభ ఆ కనీసానికి కొలత కట్టింది. కార్మికుడి కుటుంబాన్ని మూడు వినియోగ యూనిట్లుగా లెక్కించి, ఒక్కో యూనిట్‌కు 2,700 కేలరీల తిండి, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, వాటితో పాటు వంటచెరకు, దీపం వగైరాలకు 20 శాతం కలపాలని తేల్చింది. ప్రభుత్వం, యజమానులు, కార్మికులు ముగ్గురూ కూర్చొని ఒప్పుకున్న కొలత అది. పిల్లల చదువు, వైద్యం, ముసలితనం వంటి వాటికి మరో 25 శాతం కలపాలని 1991లో రెప్టకోస్ బ్రెట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంతకుముందే, 1982లో, ఏషియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చి పని చేయించుకోవడం 23వ అధికరణ నిషేధించిన వెట్టి కిందికే వస్తుందని అదే న్యాయస్థానం తేల్చింది. ఈ దేశంలో కనీస వేతనం ఎంత ఉండాలన్న దానికి సూత్రం ఎప్పుడూ కరువు కాలేదు.

కరువైంది అమలు. జాతీయ స్థాయిలో ప్రకటించిన ఫ్లోర్ వేజ్, అంటే ఏ పనికైనా అంతకన్నా తగ్గకూడని కూలి, 2017 జూన్ నుంచి రోజుకు 176 రూపాయల దగ్గరే ఉంది. అదీ చట్టబలం లేని సూచన మాత్రమే. నెలకు 26 రోజులు పని దొరికినా 4,576 రూపాయలు. ఎనిమిది గంటల రోజుకు లెక్కేస్తే గంటకు 22 రూపాయలు. తమ శాఖే నియమించిన అనూప్ సత్పతి నిపుణుల సంఘం 2018 జూలై ధరల మీద రోజుకు 375 రూపాయలు, అంటే నెలకు 9,750 రూపాయలు ఉండాలని 2019లో సిఫారసు చేసింది. ప్రాంతాల వారీగా వేరు చేయదలిస్తే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఉన్న ప్రాంతానికి 380 రూపాయలు సూచించింది. ఆ తర్వాత ధరలు ఎక్కడికి పోయాయో నెలనెలా సూచీ ప్రకటించే లేబర్ బ్యూరో తమ శాఖ కిందే ఉంది. ఇంకో మాట. 2025-26కు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఉపాధి హామీ పని దినసరి 307 రూపాయలు. మట్టి తవ్వే పనికి కేంద్రం స్వయంగా ఇచ్చే కూలి కన్నా, దేశంలో ఏ పనికైనా ఇంతకన్నా తగ్గకూడదని అదే కేంద్రం చెప్పిన కూలి 131 రూపాయలు తక్కువ ఉండటం ఏ లెక్కకూ నిలవదు.

ఇక మా పని సంగతి. మాకు రోజు కూలి లేదు, వెయ్యి బీడీలకు ఇంత అని రేటు. ఆ రేటు చూసేవారికి చుట్టడం ఒక్కటే పనిగా కనిపిస్తుంది. కార్ఖానాకు నడిచి వెళ్లి తునికాకు, తంబాకు, దారం తెచ్చుకోవడంతో పని మొదలవుతుంది. ఆకు రాత్రి తడిపి గోనెపట్టాలో చుట్టి పెట్టాలి. తెల్లవారి ఒక్కో ఆకునూ రేకు కొలత పెట్టి కత్తెరతో కత్తిరించాలి. చిల్లులున్నది, ఎండినది, ఈనె ముదిరినది పక్కన పడేయాలి. కత్తిరింపుకే పొద్దుటి పూట పోతుంది. తర్వాత చాటను ఒడిలో పెట్టుకొని తంబాకు నింపడం, చుట్టడం, దారం కట్టడం, మూతి మలవడం. 25 బీడీలకు ఒక కట్ట. మర్నాడు వాటిని మళ్లీ కార్ఖానాకు మోసుకుపోయి చెకింగ్ వరుసలో కూర్చోవాలి. చెకింగ్ చేసే మనిషి కట్ట విప్పి వేళ్లతో నొక్కి చూసి, నచ్చనివి పక్కకు తీస్తాడు. తీసినవి లెక్కలోకి రావు, తిరిగి చేతికీ రావు. పొద్దంతా వంగి కూర్చున్నా వెయ్యి పూర్తి కావడం కష్టం. పూర్తయిన ఇళ్లలో చాలాచోట్ల ఆకు కత్తిరించిన చేతులు అత్తవో, బడి నుంచి వచ్చిన బిడ్డవో అయి ఉంటాయి. కార్డు మీద ఉండేది మాత్రం ఒక్క పేరే.

కంపెనీ ఇచ్చే ఆకు వెయ్యికి సరిపోకపోతే తక్కువ పడినది మేమే బజారులో కొనాలి. నెలలో సగం రోజులకు మించి పని దొరకని నెలలే ఇప్పుడు ఎక్కువ. అందుచేత వెయ్యికి రేటు నాలుగు రూపాయలు పెంచామని ఒప్పందం మీద సంతకాలు అయినప్పుడు, మాకు ముందుగా వచ్చే సందేహం ఒక్కటే: ఎన్ని వేలకు పని ఇస్తారు?

ఇది రాష్ట్రం తేల్చుకోవలసిన విషయం కదా అని తమరు అడగవచ్చు. రాష్ట్రం చేయవలసినవి రాష్ట్రాన్ని అడుగుతూనే ఉన్నాం. కానీ బీడీ పనికి యంత్రం అక్కర లేదు, షెడ్డు అక్కర లేదు. ఆకు, తంబాకు సంచుల్లో లారీ ఎక్కి కూలి తక్కువ ఉన్న రాష్ట్రానికి పోగలవు. పిల్లాపాపలతో ఉన్న ఆడమనిషి పోలేదు. 1966 నాటి బీడీ, చుట్ట కార్మికుల చట్టాన్ని కేరళ 1968లో అమలు చేయబూనగా, మంగళూరు కేంద్రంగా ఉన్న కంపెనీలు కన్నూరు ప్రాంతంలో పని మూసేసి వెళ్లిపోయాయి. వేలమంది వీధిన పడ్డారు. వారిని ఆదుకోవడానికి 1969లో ప్రభుత్వ అండతో దినేశ్ బీడీ సహకార సంఘం పుట్టవలసి వచ్చింది. చట్టాన్ని గౌరవించిన రాష్ట్రమే నష్టపోయే ఏర్పాటును ఏ రాష్ట్రమూ ఒంటరిగా సరిచేయలేదు. అందుకే ఢిల్లీని అడుగుతున్నాం.

ఢిల్లీ నిర్ణయించే వేతనం మా ఇళ్లకు కొత్తేమీ కాదు. మా జిల్లాల్లో భర్త గల్ఫ్‌లో, భార్య బీడీల ముందు ఉన్న ఇళ్లు ఊరూరా ఉన్నాయి. గల్ఫ్ దేశాలకు పోయేవారికి భారత ప్రభుత్వం సూచించే కనీస వేతనంలో 2020 సెప్టెంబరులో కోత పెట్టి, అభ్యంతరాలు రాగా 2021 జూలైలో ఆ కోతను ఎత్తేశారు. పొరపాటును సరిదిద్దుకున్న ఆ ప్రభుత్వం ఇప్పుడు మా సంగతి కూడా వింటుందని నమ్మి ఈ కింది కోర్కెలు సమర్పిస్తున్నాం.

1. ఫ్లోర్ వేజ్ వెంటనే ప్రకటించాలి. అది దేశమంతటికీ ఒకటే ఉండాలి.

కార్మికుడి కనీస జీవన ప్రమాణాన్ని బట్టి కేంద్రం ఫ్లోర్ వేజ్ నిర్ణయించాలని, ఏ రాష్ట్రమూ అంతకన్నా తక్కువ పెట్టరాదని వేతనాల కోడ్ స్పష్టంగా చెబుతోంది. కొలత కోసం కొత్త సంఘం వేయనవసరం లేదు. తమ శాఖ 2020లో ప్రచురించిన ముసాయిదా నియమాల్లోనే 2,700 కేలరీలు, 66 మీటర్ల బట్ట, తిండి బట్టల ఖర్చు మీద 10 శాతం అద్దె, ఇంధనానికీ దీపానికీ 20 శాతం, చదువు వైద్యాలకు 25 శాతం అని ఉంది. దాని ప్రకారం ఈనాటి ధరలతో లెక్క కట్టి, ఆ లెక్కను పప్పు ధరతో సహా ప్రజల ముందు పెట్టాలి. మేము ఒక అంకె పట్టుకొని కూర్చోలేదు. లెక్క చూపితే అంకెను ఒప్పుకుంటాం. అయితే ఆ అంకె 2018 ధరల నాటి 375 రూపాయలకు ధరల పెరుగుదల కలిపిన మొత్తం కన్నా తక్కువ వస్తే, ఎందుకు వచ్చిందో చెప్పవలసిన బాధ్యత శాఖదే. ప్రాంతాల వారీగా వేర్వేరు ఫ్లోర్ వేజ్‌లు పెట్టుకోవచ్చని కోడ్‌లో వీలుంది. కన్నూరు అనుభవం దృష్ట్యా ఆ వీలును వాడవద్దని, లేదా కనీసం బీడీ వంటి పీసు రేటు పనులకు వాడవద్దని కోరుతున్నాం. ప్రకటించిన వేతనానికి ఏప్రిల్, అక్టోబరు నెలల్లో కరువు భత్యం కలవాలి.

2. పీసు రేటు గంటల లెక్క మీద నిలబడాలి.

వెయ్యి బీడీలకు ఎన్ని గంటలు పడుతుందో, ఆకు తడపడం నుంచి చెకింగ్ వరుసలో కూర్చున్న సమయం దాకా, శాఖ అధికారులు మా ఇళ్లకు వచ్చి గడియారం పెట్టి చూడాలి. ఎండాకాలం ఒకసారి, వానాకాలం ఒకసారి చూడాలి. రెండు కాలాల్లో ఆకు ఒకేలా ఉండదు. చేయి తిరిగిన వేగమైన మనిషిని కొలతగా పెట్టుకోకుండా, మామూలు మనిషి వేగం తీసుకోవాలి. ఆ గంటలను ఫ్లోర్ వేజ్ గంట రేటుతో గుణిస్తే వచ్చేదే వెయ్యికి రేటు. ఇంతకాలం రేటు ముందు పుట్టి, దానికి తగ్గట్టు మా రోజు సాగుతూ వచ్చింది. అరవై దాటిన వాళ్లు, చూపు మందగించిన వాళ్లు ఆ వేగం అందుకోలేకపోతే వారికి ఏం చేయాలన్నది విడిగా ఆలోచించవలసిన విషయం. దానిపై కూడా మా మాట వినాలి.

3. పని ఇవ్వని రోజులకు పరిహారం.

దినసరి వేతనం మీద ఉన్నవారు, తమ తప్పు లేకుండా పని గంటలు తగ్గితే పూర్తి రోజు కూలికి అర్హులని కోడ్ చెబుతోంది. వెయ్యికి రేటు మీద బతికే మాకు ఆ రక్షణ లేదు. కంపెనీ కార్డులో పేరున్న ప్రతి మనిషికీ నెలకు ఇన్ని రోజుల పని అని కనీసం నిర్ణయించి, అంతకు ఆకు ఇవ్వని పక్షంలో ఆ రోజులకు సగం వేతనం చెల్లించేలా నియమాల్లో చేర్చాలి. మేము అడిగేది కూర్చోబెట్టి ఇచ్చే కూలి కాదు. పని కోసం ఎదురు చూస్తూ వేరే పనికి పోలేని రోజుకు వెల అడుగుతున్నాం.

4. ఏరివేతకు హద్దు, ఆకుకు తూకం.

జీతంలో కోతలు 50 శాతం మించరాదని కోడ్ పరిమితి పెట్టింది. మా దగ్గర కోత కోత పేరుతో జరగదు. ఏరేసిన బీడీలు లెక్కలోనే ఉండవు కనుక, కోత జరిగినట్టు ఏ కాగితం మీదా కనిపించదు. వెయ్యికి ఎన్ని దాకా ఏరవచ్చో దేశమంతటికీ ఒకే పరిమితి పెట్టాలి. ఏరినవి, ఎందుకు ఏరారో కార్డులో రాయాలి. వాటిని కార్మికురాలి ఎదుటే నలిపి పారేయాలి. అమ్ముకోగలిగిన బీడీ అయితే దానికి కూలి ఇవ్వాలి. ఆకు, తంబాకు తూచి ఇచ్చి, ఆ తూకం కార్డులో ఎక్కించాలి. తక్కువ పడిన ఆకు కొన్న ఖర్చు ఏ పేరుతోనైనా మా మీద పడరాదు.

5. ఇంట్లో పనిచేసినా మేము ఉద్యోగులమేనని నియమాల్లో స్పష్టం చేయాలి.

ఈ పత్రంలో మేము అన్నిటికన్నా ముఖ్యంగా భావిస్తున్నది ఇదే. ఇళ్లలో బీడీలు చేసేవారు కంపెనీ ఉద్యోగులేనని, పీఎఫ్ చట్టం వారికి వర్తిస్తుందని 1985లో పి.ఎం. పటేల్ అండ్ సన్స్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 1966 చట్టంలోని ఉద్యోగి నిర్వచనం కూడా ఇంట్లో పనిచేసే వారిని కలుపుకునే ఉండేది. ఆ చట్టం ఇప్పుడు వృత్తి భద్రత కోడ్‌లో కలిసిపోయింది. ఇటు సామాజిక భద్రత కోడ్ ఇంటి నుంచి పనిచేసే కార్మికులు అనే మాటను అసంఘటిత కార్మికుల కింద పెట్టింది. ఈ రెండూ పక్కపక్కన చదివిన కంపెనీ లాయరు రేపు ఏం వాదిస్తాడో ఊహించడం కష్టం కాదు. తీర్పుతో నలభై ఏళ్ల కిందట తీరిన తగవును మళ్లీ కోర్టు మెట్లెక్కించకుండా, కంపెనీ ఇచ్చిన ముడిసరుకుతో కంపెనీ కోసమే పనిచేసేవారు ఉద్యోగులేనని, పీఎఫ్, గ్రాట్యుటీ, ప్రసూతి ప్రయోజనాలన్నీ వారికి వర్తిస్తాయని కేంద్రం ఒక్క వాక్యంతో చెప్పవచ్చు. పని మధ్యవర్తి ద్వారా వచ్చినా బాధ్యత బ్రాండు యజమానిదే కావాలి. లేకుంటే పదిమంది, పదిహేనుమంది చొప్పున చిన్న కమీషన్‌దార్ల కింద చీల్చి, ఇరవై మంది లేరు కనుక పీఎఫ్ లేదనడం సులువవుతుంది.

దీనికి తోడు ఒక చిన్న పని. ఏళ్ల తరబడి ఆకు, దారం రాసుకొని మా వేలిముద్రలు అరిగిపోయాయి. బయోమెట్రిక్ యంత్రం మమ్మల్ని గుర్తు పట్టదు. కార్డులో లక్ష్మి, ఆధార్‌లో లచ్చవ్వ అని ఉన్నందుకు పీఎఫ్ సొమ్ము ఆగిపోయిన వారు ప్రతి ఊళ్లో ఉన్నారు. కంటిపాప లేదా ముఖ గుర్తింపుతో పని జరిగేలా, పేరు, పుట్టిన తేదీ తేడాలను గ్రామ స్థాయి శిబిరాల్లోనే సరిదిద్దేలా పీఎఫ్ కార్యాలయాలకు ఆదేశాలివ్వాలి.

6. కనీస పింఛను పెంచాలి.

ఉద్యోగుల పింఛను పథకంలో కనీస మొత్తం 2014 నుంచి నెలకు 1,000 రూపాయలే. పదకొండేళ్లలో దాన్ని ఒక్క రూపాయి పెంచలేదు. దీన్ని ధరల సూచీకి ముడిపెట్టి పెంచాలి. తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు ఇస్తున్న భృతి ఇంతకు రెండింతలు. చందా కట్టి సంపాదించుకున్న పింఛను, చందా లేని భృతి కన్నా తక్కువ ఉండటానికి కారణం చెప్పలేరు.

7. సంక్షేమ నిధికి స్థిరమైన రాబడి.

బీడీ కార్మికుల సంక్షేమ నిధి కోసం 1976లో సెస్ చట్టం వచ్చింది. వెయ్యి బీడీలకు 5 రూపాయల చొప్పున వసూలయ్యేది. పిల్లల ఉపకార వేతనాలు, దవాఖానలు, ఇళ్ల సాయం దాని నుంచే నడిచాయి. 2017లో జీఎస్టీ రావడంతో ఆ సెస్ రద్దయింది. అప్పటి నుంచి నిధి ఏటా బడ్జెట్ దయ మీద ఉంది. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి బీడీల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి, తునికాకు మీద 18 నుంచి 5 శాతానికి తగ్గించాలని నిర్ణయించింది. కార్మికుల ఉపాధిని కాపాడటానికే తగ్గించారనుకుంటే, ఆ మిగులులో కార్మికుల వాటా ఎంతో ప్రభుత్వం చెప్పాలి. బీడీ మీద వచ్చే జీఎస్టీలో నిర్దిష్ట భాగాన్ని చట్టం ద్వారా ఈ నిధికి కేటాయించాలి.

8. పొగాకు పని వదలాలనుకునే వారికి నిజమైన మార్గం.

బీడీ ఆరోగ్యానికి చేటన్న విషయం మాకు ఎవరూ చెప్పనక్కర లేదు. తంబాకు పొడి పీల్చేది మేమే. దగ్గు, నడుం నొప్పి, కళ్ల మంట మా ఇళ్లలో చుట్టాల్లా తిష్ఠ వేశాయి. పొగాకు నియంత్రణను మేము వ్యతిరేకించడం లేదు. 2004లో మన దేశం ఆమోదించిన పొగాకు నియంత్రణ అంతర్జాతీయ ఒప్పందంలోని 17వ అధికరణ పొగాకు కార్మికులకు గిట్టుబాటయ్యే ప్రత్యామ్నాయాలు చూపాలంటోంది. కుట్టు మిషను ఇచ్చి ఫోటో తీసుకుపోవడం ప్రత్యామ్నాయం కాదు. వేరే పని నేర్చుకునే కాలంలో ఫ్లోర్ వేజ్‌కు తగ్గని భృతి, నేర్చుకున్నాక ఊరికి అందుబాటులో పని ఉండాలి. ఎవరినీ బలవంతంగా పంపరాదు.

9. భారత కార్మిక మహాసభను సమావేశపరచాలి.

46వ మహాసభ 2015 జూలైలో జరిగింది. ఆ తర్వాత పదేళ్లుగా లేదు. నాలుగు కోడ్లు ఈ పదేళ్లలోనే చట్టమై అమలయ్యాయి. వేతనానికి కొలత కట్టిన వేదికను పక్కన పెట్టి వేతనం నిర్ణయించడం సబబు కాదు. ఫ్లోర్ వేజ్ లెక్కను ముందుగా ఆ సభ ముందు పెట్టాలి. అక్కడ ఇళ్లలో పనిచేసే మహిళలకు కుర్చీ ఉండాలి. ఇళ్లలో ఉండి యజమానుల కోసం పనిచేసే వారిపై 1996 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ 177వ ఒప్పందాన్ని భారతదేశం ఆమోదించే విషయం కూడా ఆ ఎజెండాలో చేర్చాలి.

పై కోర్కెల్లో 4, 5 అంశాల్లో అడిగిన నియమాలకు పైసా ఖర్చు లేదు. నియమాల ముసాయిదా తుది రూపం దిద్దుకునే లోపే వాటిని చేర్చడం వీలవుతుంది. కనుక వాటిపై నిర్ణయాన్ని మిగతా వాటితో ముడిపెట్టి ఆపవద్దని మనవి. 2వ అంశంలోని గంటల లెక్కకు నిజామాబాద్ జిల్లాను మొదటి కేంద్రంగా తీసుకుంటే, ఊళ్లు, ఇళ్లు చూపించి అధికారులకు పూర్తిగా సహకరిస్తాం. కార్డులు, పాసుపుస్తకాల నకళ్లు చూపడానికి, మా వాదన నేరుగా వినిపించడానికి అయిదుగురు ప్రతినిధులకు తమ కార్యాలయంలో సమయం కేటాయించాలని, ఈ పత్రంపై తీసుకున్న చర్యను అరవై రోజుల్లోగా లిఖితపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాం.

ఇట్లు,
బీడీ కార్మికులు
నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, నిర్మల్, రాజన్న సిరిసిల్ల జిల్లాలు

(సంతకాలు, వేలిముద్రలు జతపరచడమైనది)

ప్రతులు:
కేంద్ర భవిష్యనిధి కమిషనర్, న్యూఢిల్లీ
కార్మిక శాఖ మంత్రి, తెలంగాణ ప్రభుత్వం, హైదరాబాద్
పై అయిదు జిల్లాల పార్లమెంటు సభ్యులు